జనార్ధనరావుగారికి పన్నెండు సెకన్లు

బేస్‌బాల్‌ని బాగుచేస్తామని బయల్దేరిన వాళ్ళందరినీ ఒక వ్యానులో ఎక్కించి, ఎక్కడో దూరాన ఉన్న సార్నియా ఊళ్ళో దింపేసి, వ్యాను వెనక్కి తెచ్చేసుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. అక్కడ బస్సులు తక్కువ. తిరిగి రావడానికి తీరిగ్గా టైము పడుతుంది. ఆ టైములో వాళ్ళు చేసిన ఘనకార్యం గురించి కాస్త ఆలోచించుకోవచ్చు.

నా పేరు సుబ్బరాజు. కెనడాలో హామిల్టన్ స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. అది నిజమే. కానీ ఇప్పుడు చెప్పేది నా సంగతి కాదు, కాంతంగారి సంగతి. ఆవిడకి కోపం రాదు. అందుకని ఆవిడ తరఫున కూడా నేనే కోప్పడుతూ ఉంటాను.

కాంతంగారిది విజయనగరం. పెళ్ళయిన కొత్తలో హామిల్టన్ వచ్చింది. ఇక్కడ ఆసుపత్రి వంటింట్లో రోగులకి ట్రేలు సర్దే పని చేసింది. ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరికి మెత్తగా ఉడికించాలి, అదీ ఆవిడ ఉద్యోగం. భర్త జనార్ధనరావుగారు నాతోపాటు ఫ్యాక్టరీలోనే, కొలిమి దగ్గర ఫోర్‌మన్. మనిషి మాటకారి. షిఫ్టు అయ్యాక పార్కింగులో నిలబెట్టి గంటసేపు మాట్లాడేవారు. మంచులో నా కాళ్ళు కొయ్యబారిపోయేవి, ఆయన మాత్రం చెబుతున్న కథలో ఇంకా నడిమధ్యలో ఉండేవారు.

ఆ ఫ్యాక్టరీ వాళ్ళే ఆయనకి బేస్‌బాల్ అంటించారు. టీవీలో వచ్చే పెద్ద లీగు కాదు, మా ఊరి జట్టు, స్టోకర్స్. పగలు ప్లంబింగ్ పనో, బళ్ళో పాఠాలు చెప్పే పనో చేసుకుని సాయంత్రం గ్రౌండుకొచ్చే కుర్రాళ్ళు. చెక్క బెంచీలు, నాలుగు లైటు స్తంభాలు, మూడొందల మంది జనం. వేసవి సాయంత్రాలు మేం ముగ్గురం మూడో బేస్ వైపు ఒకే బెంచీమీద కూర్చునేవాళ్ళం. కాంతంగారు ఒళ్ళో స్టీలు గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. జనార్ధనరావుగారు మాట్లాడేవారు.

తెలియని వాళ్ళకి ఆట ఒక్క ముక్కలో చెబుతాను. పిచ్చర్ అనేవాడు బంతి విసురుతాడు. బ్యాటు పట్టుకున్నవాడు కొట్టకుండా వదిలేశాడనుకోండి, ఆ బంతి కొట్టదగ్గ చోట పడితే స్ట్రైక్, దూరంగా పోతే బాల్. వెనకాల నిలబడ్డ అంపైరు ఏదో ఒకటి చెబుతాడు. అంతే. తరవాత పిచ్చర్ టోపీ సర్దుకుంటాడు, బంతి తొడకి రుద్దుకుంటాడు, ఆకాశం వంక చూస్తాడు, మళ్ళీ విసురుతాడు. ఈ టోపీ సర్దుకోవడమే ఆటలో అసలు సుఖం. బంతికీ బంతికీ మధ్య మనుషులు కబుర్లు చెప్పుకోవచ్చు. గడియారం లేని ఆట ప్రపంచంలో అదొక్కటే అనేవారు జనార్ధనరావుగారు.

రెండు చలికాలాల కిందట ఆయనకి స్ట్రోక్ వచ్చింది. చెయ్యీ కాలూ నెమ్మదిగా తిరిగొచ్చాయి, మాట రాలేదు. అంతటి మాటకారికి మాటే పోయింది. అన్నీ అర్థమవుతాయి, అందరూ గుర్తే. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటిదాకా రాదు. స్పీచ్ థెరపిస్టు అమ్మాయి కాంతంగారితో ఒక్కటే చెప్పిందిట. మాట వస్తుంది, ఆలస్యంగా వస్తుంది, వచ్చేదాకా ఆగండి, మీరు మాత్రం అందించకండి అని.

అందించకుండా ఉండటం మనవాళ్ళ వల్ల అయ్యే పనేనా? పలకరించడానికొచ్చిన ప్రతివాడూ పుణ్యానికి పోయేవాడే. ఆయన "క..." అనేసరికి ఒకడు కాఫీయా అంటాడు, ఒకావిడ కళ్ళజోడా అంటుంది, ఇంకొకాయన కడుపునొప్పా అని చెయ్యి కూడా వేసేస్తాడు. ఆయన విసిగిపోయి తలకాయ ఊపేస్తే, చూశావా కాంతం, నేను కనిపెట్టేశాను అని సంబరం. బాగా చదువుకున్న వాళ్ళే అందరూ. ఒక మనిషి ఒక్క మాట అనేదాకా నోరు మూసుకుని కూర్చోలేరు. కాంతంగారు చివరికి గుమ్మంలోనే చెప్పడం మొదలుపెట్టింది.

"లోపలికి రండి, కూర్చోండి. ఆయన మాట వెతుక్కుంటుంటే మీరు అందించకండి. మీకు తొందరుంటే ఇంకో రోజు రండి."

కొందరు ఇంకో రోజు కూడా రాలేదు. పీడా పోయింది.

ఆ వేసవిలో మొదటి ఆటకి ఆయన్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళాం. అదే బెంచీ. రెండో ఇన్నింగ్స్‌లో ఒక బంతి పడింది, బ్యాటర్ వదిలేశాడు. అంపైరు చెయ్యెత్తి అరిచాడు, అయిపోయింది. పిచ్చర్ టోపీ తీసి నుదురు తుడుచుకుంటున్నాడు. అప్పుడు నా పక్కనించి "స్ట్... స్ట్... స్ట్రైక్" అని వినిపించింది. కాంతంగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. ఆవిడ ఆయన వంక తిరగలేదు, ఏడవలేదు. తరవాతి బంతి కోసం చూసింది.

ఇక అదే ఆవిడ పద్ధతి అయిపోయింది. ప్రతి బంతికీ ఆయన బాల్ అనో స్ట్రైక్ అనో చెప్పాలి. పిచ్చర్ టోపీ సర్దుకునే టైము ఆయనకి సరిగ్గా సరిపోయేది. మేం అందించం. నాకది ఎంత నరకమో చెప్పలేను, నా నోరు నా మాట వినదు. పెదవి కొరుక్కుని కూర్చునేవాణ్ణి. జూలై అయ్యేసరికి "బాల్, బయట" అన్నారు. ఆగస్టులో "వీడికి... చెయ్యి... అలిసింది" అన్నారు, నిజంగానే ఆ పిచ్చర్‌ని మార్చేశారు. ఒకరోజు ఇంట్లో అన్నం తింటూ "పప్పులో ఉప్పు లేదు" అన్నారుట. కాంతంగారు నాకు ఫోన్ చేసి ఆ ముక్క మూడుసార్లు చెప్పింది. పప్పులో ఉప్పు లేదంటే ఆడదానికి అంత ఆనందం కలగడం నేనెక్కడా చూడలేదు.

మరుసటి ఏడాది సంజయ్ దిగాడు.

సంజయ్ మా కళ్ళముందు పెరిగినవాడే. తెలుగు సంఘంలో ఉగాది పచ్చడి పేపరు కప్పులో పోసిస్తే ముఖం చిట్లించి చెత్తబుట్టలో వేసేవాడు. పెద్దవాడై ఆటల వ్యాపారం ఎలా చెయ్యాలో చదువుకుని, స్టోకర్స్‌కి ఫ్యాన్ ఎక్స్‌పీరియన్స్ డైరెక్టరై వచ్చాడు. అంటే ఏమిట్రా అని అడిగాను. "ఇట్స్ అబౌట్ ది ఫ్యాన్స్, అంకుల్" అన్నాడు. నేనూ ఫ్యానే, నలభై ఏళ్ళనించీ ఆ బెంచీమీదే ఉన్నాను, నన్నెవడూ ఏమీ అడగలేదు.

ఆ సీజన్‌లో లీగు వాళ్ళు ప్రయోగాలు పెట్టారు. జనం నుంచోడానికి వీలుగా అన్నట్టు పరిగెత్తేవాడు కాలు మోపాల్సిన బేసులు పీటలంత చేశారు. ఆట టై అయితే రెండో బేస్‌మీద ఒకణ్ణి ఊరికే నిలబెట్టేస్తారు. వాడు కొట్టిందీ లేదు, పరిగెత్తిందీ లేదు, పెళ్ళివారి బంధువులా వచ్చి ముందు వరసలో నిలబడతాడు. గాల్లోకి లేచి గీత బయటికి పోయిన ఫౌల్ బంతిని ప్రేక్షకుడెవడైనా పట్టుకుంటే బ్యాటర్ ఔటు. ఇది వినగానే నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు, రెండూ చేశాను. వీటన్నిటికీ పైన గడియారం. పిచ్చర్ చేతికి బంతి వచ్చిన పన్నెండు సెకన్లలో మళ్ళీ విసరాలి, లేకపోతే శిక్ష. గ్రౌండు అవతల తలుపంత తెరమీద ఎర్ర అంకెలు తగ్గుకుంటూ వస్తాయి, చివరి ఐదింటికీ బీప్ బీప్‌మని మోత.

అభిమానుల అభిప్రాయాలు వింటామని హైస్కూలు జిమ్‌లో మీటింగ్ పెట్టారు. అబ్బో, ఆ రోజు అభిమానుల రోషం చూసి తీరాలి. గడ్డం ప్లంబరు ఒకడు లేచి ఈ గడియారం పెడితే నా టోపీ ఇక్కడే తగలబెడతానన్నాడు. ఇంకొకడు మా తాత ఆత్మ ఘోషిస్తుందన్నాడు. జనం బల్లలు చరిచారు. కాంతంగారు కూడా లేచింది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది, మా ఆయనకి మాట రావడానికి కొంచెం టైము కావాలి, ఆ పన్నెండుని ఇరవై చెయ్యలేరా అని. సంజయ్ చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు.

"ఆంటీ, ఐ టోటల్లీ హియర్ యూ. ఇట్స్ జస్ట్ ఎ పైలట్."

విన్నానన్నాడు కదా, ఇక వినాల్సిన పని లేదు. ఉత్త ప్రయోగమేనంటూ గడియారం పెట్టేశారు.

మొదటి ఆటలోనే తెలిసిపోయింది. బంతి పడింది, ఆయన "స్ట్..." దగ్గర ఉన్నారు, బీప్ బీప్, ఇంకో బంతి పడిపోయింది. పాత మాట వదిలేసి కొత్తదానికి మొదలుపెట్టారు, "బా...", మళ్ళీ ఇంకోటి. పళ్ళెంలో అన్నం తినకుండానే పైన వడ్డించేస్తున్నట్టు ఉంది వ్యవహారం. మూడో ఇన్నింగ్స్‌కి ఆయన నుదుటిమీద చెమట పట్టింది. కాంతంగారు పమిటతో తుడిచింది. ఆరు ఆటలు పట్టుదలగా తీసుకెళ్ళాం. ఆరో ఆటలో ఆయన అసలు నోరు తెరవలేదు. ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయాయని కాంతంగారు చెప్పింది. పప్పులో ఉప్పున్నా లేకపోయినా తినేసి లేచిపోతున్నారుట.

మరి ఆ రోషగాళ్ళ సంగతి ఏమైందంటారా? మూడు వారాలు. అంతకన్నా పట్టలేదు. అంకెలు తగ్గుతుంటే జనం పాడటం మొదలుపెట్టారు, "ఫైవ్, ఫోర్, త్రీ" అని. గడ్డం ప్లంబరు పిల్లలిద్దర్నీ చెరో భుజమ్మీద ఎక్కించుకుని అందరికన్నా గట్టిగా అరుస్తున్నాడు. టోపీ మాత్రం నెత్తిమీదే క్షేమంగా ఉంది. మన తెలుగు సంఘం వాళ్ళు కూడా గుంపుగా రావడం మొదలుపెట్టారు. ఇదివరకు రమ్మంటే రాని వాళ్ళు. "ఇప్పుడు బావుందండీ రాజుగారూ, రెండు గంటల్లో అయిపోతోంది, డిన్నర్ టైముకి ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడొకాయన. ఆట బాగుండటమంటే తొందరగా అయిపోవడమన్నమాట. అలాంటప్పుడు రాకుండా ఉంటే ఇంకా తొందరగా అయిపోతుంది కదా అన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

జూలైలో ఒక సాయంత్రం ఆ సంఘటన జరిగింది. జనం అంకెలు అరుస్తున్నారు. వాళ్ళ గొంతుల కింద ఇంకో గొంతు వినిపించింది. "ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి." తడుముకోకుండా, ఒక్క మెలిక లేకుండా. జనార్ధనరావుగారు. కాంతంగారు ఆయన చెయ్యి పట్టేసుకుంది, గిన్నె కింద పడి చిక్కుడుకాయలన్నీ దొర్లిపోయాయి. తరవాతి బంతికి ఆయన పన్నెండు నుంచీ మొదలుపెట్టారు. నాకూ కళ్ళు చెమర్చాయి. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు.

ఆ సంతోషం మర్నాడు మధ్యాహ్నందాకా ఉంది. థెరపిస్టు అమ్మాయి వినేసి తల అడ్డంగా ఊపిందిట. అంకెలు వరసగా చెప్పడం మాట్లాడటం కాదు ఆంటీ, పదిమందితో కలిసి పాడినట్టు, అవి వాటంతట అవే వచ్చేస్తాయి, ఆయన చెప్పాలనుకున్నది మాత్రం లోపలే ఉండిపోతుంది అందిట. కాంతంగారికి నమ్మబుద్ధి కాలేదు. తరవాతి ఆటలో అంకెలు వదిలేసి ఆయన ముఖం చూస్తూ కూర్చుంది. ఆయన బంతి వంక చూడటం లేదు. పిచ్చర్ వంకా చూడటం లేదు. కళ్ళు ఎర్ర అంకెలమీదే ఉన్నాయి. అంపైరుకన్నా బాగా బంతి చూసిన మనిషి, ఎవరు విసిరారో ఎవరు కొట్టారో తెలియకుండా గడియారం చదువుతూ కూర్చున్నారు.

వారం తరవాత ఆవిడ ఫోన్ చేసింది.

"రాజుగారూ, పొద్దున్న కాఫీ తాగుతారా అని అడిగానండీ. పన్నెండు, పదకొండు, పది అన్నారు. చివరిదాకా చెప్పి, అది కాదన్నట్టు చెయ్యి ఊపేసి తల పట్టుకున్నారు."

ఫోన్ పెట్టేశాక ఆ ఎర్ర గడియారాన్ని మనసులో సుత్తితో చితక్కొట్టాను, మొత్తం పన్నెండు దెబ్బలు.

ఇలాంటివి సంజయ్ కంట పడకుండా ఉంటాయా? కెమెరా తెచ్చాడు. ఆయన ముఖం పెద్ద తెరమీద వేశాడు, కింద కౌంట్‌డౌన్ అంకుల్ అని పేరు. జనం లేచి నిలబడి ఆయనతోపాటు తెలుగులో అరిచారు, వచ్చీ రాని ఉచ్చారణతో. తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో దండాలు, దండలు, జెండాలు. తెలుగు అంకెలకి కెనడాలో పట్టాభిషేకం అని ఎవరో రాశారు. కాంతం ఎంత అదృష్టవంతురాలో అని ఒకావిడ రాసింది. నేను ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశాను. రెండు రోజులకి మళ్ళీ చేర్చారు, మళ్ళీ బయటికొచ్చాను. కాంతంగారు ఆయన్ని గ్రౌండుకి తీసుకెళ్ళడం మానేసింది.

సీజన్ అయిపోయింది. లీగు వాళ్ళ సర్వేలో జనం గడియారాన్ని నెత్తిన పెట్టుకున్నారని తేలింది. ప్రయోగం కాస్తా రూలైపోయింది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉండగా సంజయ్ వచ్చాడు. బూట్లు గుమ్మంలోనే విప్పాడు, అంతవరకూ పెంపకం మంచిదే. ఒక టీ షర్టు బల్లమీద పరిచాడు. వీపుమీద పెద్దగా పన్నెండు అంకె ఉంది.

"ఆంటీ, హి వాజ్ అమేజింగ్. నెక్స్ట్ సీజన్ ఎవ్రీ హోమ్ గేమ్ అంకుల్ లీడ్ చెయ్యాలి. వి విల్ పిక్ హిమ్ అప్ అండ్ ఎవ్రీథింగ్."

"నన్నెందుకు అడుగుతావు నాయనా? ఆయన ఎదురుగానే ఉన్నారు, ఆయన్ని అడుగు" అంది కాంతంగారు.

సంజయ్ ఆయన కుర్చీ ముందు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అడిగాడు.

"అంకుల్, యూ కమింగ్?"

జనార్ధనరావుగారు వాడి ముఖంలోకి చూశారు. పెదవులు కదిలాయి. ఏదో చెప్పాలని ఆయన పడే అవస్థ నాకు కనపడుతూనే ఉంది. ముందు మాత్రం అవే వచ్చి పడ్డాయి. "పన్నెండు, పదకొండు, పది..." ఒకటిదాకా.

సంజయ్ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు.

"దట్స్ ఎ యెస్."

"అది జవాబు కాదు సంజయ్. మాటకోసం వెతుక్కుంటుంటే ముందు అవి అడ్డమొస్తాయి. అవి అయిపోనివ్వాలి. మళ్ళీ అడుగు. అడిగి ఊరికే కూర్చో" అంది కాంతంగారు.

వాడు కూర్చున్నాడు. మళ్ళీ అడిగాడు. ఆయన చూపు వాడిమీదనించి తియ్యలేదు. వంటింట్లో ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. సంజయ్ మోకాలు ఊగడం మొదలుపెట్టింది. జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది.

"అంకుల్, యెస్? నో? జస్ట్ నాడ్ యువర్ హెడ్."

"నువ్వు అందించకు" అంది కాంతంగారు.

"ఆంటీ, ఐ హావ్ ఎ కాల్. ప్రెస్ రిలీజ్ ఈరోజే వెళ్ళాలి. ఐ విల్ పుట్ హిమ్ డౌన్ యాజ్ ఎ యెస్, ఓకే? చేంజ్ చెయ్యాలంటే జస్ట్ కాల్ మీ."

లేచాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూర్చోరా. మనిషి మాట్లాడుతుంటే ఎక్కడికి పోతున్నావు?"

"హి ఈజ్ నాట్ టాకింగ్, రాజు అంకుల్" అన్నాడు వాడు, మర్యాదగానే. బూట్లు వేసుకున్నాడు. తలుపు పడింది. కారు వెనక్కి తిప్పిన చప్పుడు, తరవాత అది కూడా లేదు.

జనార్ధనరావుగారు మూసిన తలుపు వంకే చూస్తున్నారు. కాంతంగారు కదల్లేదు. నేనూ కదల్లేదు. ఎంతసేపో నేను చూడలేదు.

"వ..." అన్నారాయన. "వ... వద్దు."

అంకె కాదు. ఏ తెరమీదా లేని మాట. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కాంతంగారు పమిట చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని ఫోన్ అందుకుంది. సంజయ్ ఎత్తలేదు. వాయిస్ మెయిల్‌లో వాడి హుషారు గొంతు, మెసేజ్ పెట్టండి, కీప్ ఇట్ షార్ట్ అంటోంది.

ఆవిడ ఫోన్ తీసుకెళ్ళి ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మీరే చెప్పండి."

ఆయన వెతుక్కోవడం మొదలుపెట్టారు. పన్నెండు, పదకొండు అయ్యాయి. ఒకటి అయింది. "వ..." దగ్గర ఉండగా ఫోన్ దానంతట అదే కట్ అయిపోయింది. కాంతంగారు మళ్ళీ అదే నంబరు నొక్కింది. వాడి గొంతు మళ్ళీ వచ్చింది. బీప్ అంది. నేను నోరు తెరిచాను. ఆవిడ నా వంక చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

"రాజుగారూ, మీరు అందించకండి. కట్ అయితే మళ్ళీ చేద్దాం."

నోటిదాకా వచ్చిన మాట మింగేసి, నేను కూర్చున్నాను.